మన పాట ఎవరి పెట్టెలో దాచుకుందాం?



ఈ మధ్య మన గుంపులో పిల్లలు ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతున్నారు. ఇంట్లో ఒక గది ఉంది, మైకు కొన్నాం, పాటలు రికార్డు చేసుకోవడానికి కంప్యూటర్లో ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి అని. ఒకరు క్యూబేస్ అంటారు, ఒకరు ఎఫ్‌ఎల్ స్టూడియో అంటారు, ఇంకొకరు యాపిల్ కంప్యూటర్ లేకుంటే పని జరగదంటారు. ఎవరి అనుభవం వాళ్ళది. ఆ వాదంలో ఏదో ఒక పక్క చేరడానికి మేము ఇది రాయడం లేదు. మన దేశంలో పాటను రికార్డు చేసే పనికి నూట ఇరవై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర ఒకసారి చూస్తే ప్రశ్నే మారిపోతుంది. ఏది గొప్ప సాఫ్ట్‌వేర్ అన్నది వెనక్కి పోతుంది, మన పాట తాళంచెవి ఎవరి చేతిలో ఉంటుంది అన్నది ముందుకు వస్తుంది. కొంచెం పొడుగు రాత, ఓపిగ్గా చదవండి.

ముందు ఇది మనకు ఎందుకు ముఖ్యమో చెప్పుకుందాం. హోసూరు, కృష్ణగిరి వైపు ఉన్న మన ఇళ్ళలో తెలుగు నోట్లో ఉంది, చేతిలో లేదు. 2006లో తమిళనాడులో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. ఆ చట్టం మంచిచెడ్డలు ఇక్కడ వద్దు. మన ఇంట్లో జరిగింది మాత్రం చూడాలి. అవ్వతో తెలుగులో మాట్లాడే పిల్లకు తెలుగు అక్షరం రాదు. పెళ్ళిలో అప్పగింతల పాట, సంక్రాంతి గొబ్బి పాట, ఉయ్యాల దగ్గర లాలి పాట పుస్తకంలో రాసిపెట్టినా ఆ పిల్ల చదవలేదు. వింటే మాత్రం పట్టుకుంటుంది. షోలాపూర్‌లో, బళ్ళారిలో, బరంపురంలో ఉన్న మనవాళ్ళ ఇళ్ళలో కూడా చాలా చోట్ల ఇదే వరస. కాబట్టి మనకు రికార్డింగ్ సరదా పని మాత్రమే కాదు. వేరే చోట పుస్తకం చేసే పనిని మన దగ్గర అదే చేయాలి.

పళ్ళెం కాలం: మూడు నిమిషాల పాట

1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగ్ నిపుణుడు కలకత్తాకు వచ్చాడు. హోటల్ గదినే స్టూడియోగా మార్చి, ఆ నవంబరులో పాటలు పట్టడం మొదలుపెట్టాడు. ఆ తొలి విడతలో పాడినవారిలో గౌహర్ జాన్ ఒకరు. అప్పటికి కరెంటు మైకు లేదు. పెద్ద కొమ్ములాంటి గొట్టం ముందు నిలబడి గట్టిగా పాడాలి. ఆ శబ్దపు అదురుకు సూది కదిలి మైనపు పళ్ళెం మీద గీత పడుతుంది. ఆ పళ్ళేలను ఓడలో జర్మనీలోని హానోవర్‌కు పంపి, అక్కడ అచ్చు వేయించి, మళ్ళీ ఇక్కడికి తెప్పించి అమ్మేవారు. ఇక్కడే అచ్చు వేసే కర్మాగారం కలకత్తాలో 1908లో వచ్చింది.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటి ఉంది. ఒక పక్కకు పట్టేది సుమారు మూడు నిమిషాలు. రాత్రంతా పాడగలిగిన విద్వాంసులు తమ రాగాన్ని మూడు నిమిషాలకు కుదించుకున్నారు. మన దక్షిణాదిలో కోయంబత్తూరు తాయి, బెంగుళూరు నాగరత్నమ్మ వంటి గొప్ప గాయనులు ఆ తొలి దశాబ్దాల్లోనే రికార్డులు ఇచ్చారు. వాళ్ళ పాట ఈనాడు వినగలుగుతున్నామంటే ఆ పళ్ళేల పుణ్యమే. కానీ మనం వింటున్నది పళ్ళెంలో పట్టినంత మేరకే. కొమ్ము ముందు గట్టిగా వినిపించే గొంతు నిలిచింది, మెత్తని గొంతు నిలవలేదు. అమ్ముడుపోతుందని కంపెనీ అనుకున్న పాటే పళ్ళెం ఎక్కింది. నాట్లు వేస్తూ ఆడవాళ్ళు పాడే పాటను, గంటల కొద్దీ సాగే కథను డబ్బు పెట్టి రికార్డు చేసే అవసరం ఏ కంపెనీకీ కనపడలేదు.

యంత్రం పాట ఆకారాన్ని మార్చింది. ఏ పాట మిగలాలో కంపెనీ తేల్చింది. ఈ రెండూ గుర్తు పెట్టుకోండి, కంప్యూటర్ దాకా మన వెంట వస్తాయి.

ఎవరూ అడగని ఊళ్ళు

అదే కాలంలో గ్రియర్సన్ నడిపిన భారత భాషా సర్వే సాగింది. తెలుగు ఉన్న నాలుగో సంపుటం 1906లో అచ్చయింది. అందులో బొంబాయి రాష్ట్రం వైపు ఉన్న కామాఠీ, వడరి, దాసరి వంటి తెలుగు మాండలికాల పేర్లున్నాయి. మహారాష్ట్ర, ఉత్తర కర్ణాటకలలోని మనవాళ్ళ పెద్దల మాటకు దొరికిన తొలి గుర్తింపుల్లో అదొకటి. మద్రాసు రాష్ట్రం మాత్రం ఆ సర్వే పరిధిలో లేదు. అంటే మన హోసూరు ఉన్న సేలం జిల్లా మాట ఆ లెక్కలోకే రాలేదు.

అయినా దారిన పోతూ ఆగి విన్నవాళ్ళు కొందరున్నారు. ఆర్నాల్డ్ బాకే అనే డచ్చి పండితుడు 1938లో రికార్డింగ్ యంత్రం మోసుకుని దక్షిణాదిన తిరిగాడు. కచేరీ సంగీతంతో ఆగకుండా గుళ్ళలో, పల్లెల్లో పాడేవాళ్ళను పట్టాడు. 46 ఏళ్ళ తరువాత, 1984లో, నజీర్ జైరాజ్‌భోయ్, ఏమీ కాట్లిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ పాత రికార్డుల నకళ్ళు పట్టుకుని బాకే వెళ్ళిన చోట్లకు మళ్ళీ వెళ్ళారు. పాతవి వినిపించి, ఏది మిగిలింది, ఏది మారింది, ఏది పోయింది అని అడిగి కొత్తగా రికార్డు చేశారు.

మన సంఘం నుంచి మేము కోరుకుంటున్నది కూడా ఇదే. 2070లో ఎవరో ఒక మనవరాలు ఈ రోజు మనం పట్టిన పాటను అదే ఊళ్ళో తీసి వినిపించగలగాలి. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క పరీక్ష పెడితే సగం వాదాలు వాటంతటవే ఆగిపోతాయి.

టేపు, క్యాసెట్టు: యంత్రం ఇంటికి వచ్చింది

1925లో విద్యుత్ మైకుతో రికార్డింగ్ మొదలైంది. ఇక అరిచి పాడాల్సిన పని లేదు. మెత్తని గొంతుకూ చోటు దొరికింది. 1935లో జర్మనీవాళ్ళు బెర్లిన్ రేడియో ప్రదర్శనలో మ్యాగ్నెటోఫోన్ అనే టేపు యంత్రాన్ని చూపించారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత టేపు ప్రపంచమంతా పాకింది. టేపును కత్తిరించవచ్చు, అతికించవచ్చు, చెరిపి మళ్ళీ వాడుకోవచ్చు. ఆ చివరి సౌకర్యమే ఒక శాపం కూడా అయింది. బీబీసీ అంతటి సంస్థ కూడా ఖర్చు కలిసొస్తుందని పాత టేపులు చెరిపి వాడుకుంది. అలా పోయినవాటిని తరువాత ఎంత వెతికినా చాలావరకు దొరకలేదు.

మనవాళ్ళలో మద్రాసు సినిమా స్టూడియోలలో పనిచేసినవాళ్ళున్నారు. తెలుగు సినిమా పాట దశాబ్దాల పాటు పుట్టింది అక్కడే కదా. పెద్ద హాలులో వాద్యబృందమంతా కూర్చుని, గాయకులతో కలిసి, ఒకేసారి పాట పూర్తి చేయాలి. ఒక్క వయొలిన్ తప్పితే అందరూ మళ్ళీ మొదటి నుంచి. అంతమందిని, ఆ హాలును, ఆ యంత్రాలను భరించగలిగింది పెద్ద నిర్మాతలే. ఇంట్లో రికార్డింగ్ అన్న మాటకే అప్పుడు అర్థం లేదు.

ఆ మాటకు అర్థం తెచ్చింది క్యాసెట్టు. ఫిలిప్స్ కంపెనీ దాన్ని 1963లో చూపించింది. అరచేతిలో పట్టే డబ్బాలో గంట, గంటన్నర పాట. మన దేశంలో 1980లలో క్యాసెట్లు వెల్లువెత్తాయి. అంతకుముందు రికార్డుల వ్యాపారం చాలావరకు హెచ్‌ఎంవీ చేతిలో ఉండేది. క్యాసెట్టు వచ్చాక చిన్న ఊరిలోని చిన్న వ్యాపారి కూడా తన ప్రాంతపు భజనను, జానపదాన్ని అచ్చువేసి బస్టాండులో అమ్మగలిగాడు. అమెరికా పండితుడు పీటర్ మాన్యువెల్ దీని మీద 1993లో ఒక పుస్తకమే రాశాడు. మన ఇళ్ళలో పెళ్ళి పాటల క్యాసెట్లు, తాతల హరికథ క్యాసెట్లు ఇంకా బీరువాల్లో ఉన్నాయంటే ఆ వెల్లువలో వచ్చినవే.

ఇంకో ముఖ్యమైన యంత్రం 1979లో వచ్చింది. టియాక్ కంపెనీ టాస్కామ్ పేరుతో తెచ్చిన పోర్టాస్టూడియో. మామూలు క్యాసెట్టు మీదే నాలుగు ట్రాకులు పట్టేది. ట్రాకు అంటే పొలంలో మడి లాంటిది అనుకోండి. ఒక మడిలో గొంతు, ఒకదానిలో డోలు, ఒకదానిలో తాళం. దేనికది విడిగా పట్టి, తరువాత కలపవచ్చు. అమెరికాలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అనే పేరున్న గాయకుడు 1982 జనవరిలో తన ఇంట్లో బృందం లేకుండా దీని మీద నమూనాగా కొన్ని పాటలు పట్టాడు. తరువాత బృందంతో స్టూడియోలో ఎంత ప్రయత్నించినా ఆ ఇంటి క్యాసెట్టులోని భావం రాలేదు. చివరికి ఆ క్యాసెట్టు పాటలనే నెబ్రాస్కా అన్న ఆల్బంగా విడుదల చేశారు. పాటలో పస ఉంటే ఇంటి యంత్రమూ సరిపోతుంది.

మన పక్కనే చూసుకుంటే, ఏ.ఆర్. రెహమాన్ 1989లో మద్రాసులో తన ఇంటి ఆవరణలోనే పంచతన్ రికార్డ్ ఇన్ అన్న స్టూడియో కట్టుకున్నాడు. 1992 నాటి రోజా పాటలు అక్కడ రూపుదిద్దుకున్నవే. తెలుగులోకి కూడా వచ్చి మన ఇళ్ళన్నిటిలో మోగాయి.

కంప్యూటర్ వచ్చింది, కంపెనీలు మారాయి

ఇప్పుడు పిల్లలు అడిగే సాఫ్ట్‌వేర్ల దగ్గరికి వద్దాం. వీటిని బయట డా అని పిలుస్తారు. పోర్టాస్టూడియో చేసే పనినే కంప్యూటర్ తెర మీద చేసేవి.

1983లో మిడి అన్న పద్ధతి వచ్చింది. ఒక కంపెనీ కీబోర్డు, ఇంకో కంపెనీ వాద్యంతో మాట్లాడుకునే ఉమ్మడి భాష అది. జపాన్‌కు చెందిన రోలాండ్, అమెరికాకు చెందిన సీక్వెన్షియల్ వంటి పోటీ కంపెనీలు కలిసి తయారుచేసి, ఎవరైనా వాడుకునేలా బహిరంగంగా వదిలేశాయి. ఆనాటి మిడి వాద్యాన్ని ఈనాటి కంప్యూటర్‌కు తగిలించినా పలుకుతుంది. ఎవరి సొత్తూ కానిది నలభై ఏళ్ళు దాటి నిలబడింది.

సొంత సొత్తుల కథ వేరు. 1989లో జర్మనీలో స్టైన్‌బర్గ్ కంపెనీ అటారీ కంప్యూటర్ కోసం క్యూబేస్ తెచ్చింది. 1991లో అమెరికాలో ప్రో టూల్స్ వచ్చింది. అప్పుడు దాని ఖరీదు సుమారు 6,000 డాలర్లు, పట్టేది నాలుగు ట్రాకులే. క్యూబేస్, ప్రో టూల్స్ ఇప్పటికీ ఉన్నాయి, పెద్ద స్టూడియోలలో వాడుతున్నారు. కానీ అటారీ కంప్యూటర్ పోయింది. దాని ఫ్లాపీల మీద ఉండిపోయిన పాటల సంగతి ఎవరికి వాళ్ళు ఊహించుకోవచ్చు.

లాజిక్ అన్న సాఫ్ట్‌వేర్ ఎమాజిక్ అనే జర్మన్ కంపెనీది. విండోస్ కంప్యూటర్ల మీదా నడిచేది. 2002లో యాపిల్ ఆ కంపెనీని కొన్నది. కొన్న వెంటనే విండోస్ రూపం తయారీ ఆపేసింది. విండోస్ మీద ఏళ్ళ తరబడి పని చేసుకున్నవాళ్ళు కంప్యూటర్ మార్చాలి, లేదా సాఫ్ట్‌వేర్ మార్చాలి. వాళ్ళను ఎవరూ అడగలేదు.

కేక్‌వాక్ అని ఇంకొకటి 1987 నుంచి ఉంది. ఎన్నో ఇంటి స్టూడియోలకు అదే ఆధారం. అది చేతులు మారి మారి గిటార్ల కంపెనీ గిబ్సన్ దగ్గరికి చేరింది. 2017 నవంబరులో గిబ్సన్ దాని తయారీ ఆపేస్తున్నామంది. జీవితకాలం అప్‌డేట్లు వస్తాయన్న మాట నమ్మి డబ్బు కట్టినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. మరుసటి ఏడాది సింగపూర్‌కు చెందిన బ్యాండ్‌ల్యాబ్ కొని ఉచితంగా ఇచ్చింది కాబట్టి బతికింది. జీవితకాలం అన్నప్పుడు అది కంపెనీ జీవితకాలమే, మనది కాదు.

ఇటువైపు మిడి దారిలో నడిచినవీ ఉన్నాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డామినిక్ మజ్జోనీ, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టిన ఆడాసిటీ 2000లో బయటికి వచ్చింది. ఉచితం, దాని లోపలి రాత అందరికీ బహిరంగం. పాల్ డేవిస్ మొదలుపెట్టిన ఆర్డోర్ కూడా బహిరంగమే. 2005లో విన్‌యాంప్ తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెల్ రీపర్‌ను వదిలాడు. అది ఉచితం కాదు, లోపలి రాత బహిరంగమూ కాదు. కానీ 60 రోజులు ఊరికే వాడి చూడవచ్చు. సొంతానికి వాడేవాళ్ళకు 60 డాలర్లు. మనకు నచ్చిన గుణం ఏమిటంటే, రీపర్ తన ప్రాజెక్టు ఫైలును మామూలు అక్షరాల్లో రాసి ఉంచుతుంది. రీపర్ లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఏ శబ్దం ఎక్కడ పెట్టామో చదువుకోవచ్చు.

తెర మీద గళ్ళు, గొంతులో గమకం

పళ్ళెం పాటను మూడు నిమిషాలకు కుదించిందని చెప్పుకున్నాం కదా. కంప్యూటర్ కుదించదు, గళ్ళలో పెడుతుంది. ఈ సాఫ్ట్‌వేర్లలో చాలావాటిలో కొత్త ప్రాజెక్టు తెరవగానే నిమిషానికి 120 దెబ్బల వేగం, నాలుగు దెబ్బల తాళం ముందే వేసి ఉంటాయి. కోలాటం నెమ్మదిగా మొదలై పోనుపోను ఊపందుకుంటుంది. అప్పగింతల పాటలో గొంతు పట్టేసి ఆగితే, ఆ ఆగడమే పాట. క్లిక్కు శబ్దం చెవిలో పెట్టి పాడిస్తే అవ్వ పాట కాస్తా బడిపిల్లల డ్రిల్లు అవుతుంది. కాబట్టి పెద్దవాళ్ళ పాట పట్టేటప్పుడు క్లిక్కు ఆపేయండి, గళ్ళకు అతుక్కునే సౌకర్యం కూడా ఆపేయండి.

రెండోది ఆటోట్యూన్. 1997లో దీన్ని చేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమి లోపల చమురు ఎక్కడుందో శబ్ద తరంగాలతో వెతికే లెక్కల పని చేసినవాడు. తెలివైన పనిముట్టే. కానీ మామూలు అమరికలో అది గొంతును పియానో మెట్ల మీదికి లాగుతుంది. మన గమకం మెట్టుకూ మెట్టుకూ మధ్య ఊగుతుంది. ఆ ఊగడాన్ని అది తప్పనుకుని దిద్దుతుంది. సినిమా పాటకు కవర్ పాడుతుంటే మీ ఇష్టం. అవ్వ గొంతు మీద మాత్రం దాన్ని వేయకండి.

మరి ఏది వేసుకోవాలి?

ఇంత చరిత్ర చెప్పి జవాబు చెప్పకపోతే పిల్లలు కోప్పడతారు. మేము చెప్పేది ఇది.

ఒక్కరు పాడుతుంటే, లేదా పాత క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే, ఆడాసిటీ చాలు. పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. గొంతు, డోలు, హార్మోనియం విడి విడి మైకులతో పట్టి కలపాలంటే రీపర్ తీసుకోండి. ఇంట్లో ఇప్పటికే యాపిల్ కంప్యూటర్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితంగా దొరుకుతుంది. 2004 నుంచి ఉంది, నేర్చుకోవడం తేలిక, తరువాత లాజిక్‌కు ఎక్కడమూ తేలిక. బీట్లు కట్టి కొత్త పాట చేసే పిల్లలకు ఎఫ్‌ఎల్ స్టూడియో చేతికి బాగా అలవాటవుతుంది. చెన్నై, హైదరాబాద్ స్టూడియోలలో ఉద్యోగం చేయాలనుకునే పిల్లలు ప్రో టూల్స్, క్యూబేస్ నేర్చుకోక తప్పదు. అది బతుకుతెరువు సంగతి. దొంగ కాపీలు మాత్రం వద్దు. వాటితో పాటు వైరస్ వస్తే పాటలన్నీ ఒకేసారి పోతాయి.

ఏది వేసుకున్నా సరే, డబ్బు కట్టే ముందు మూడు సంగతులు చూసుకోండి.

మొదటిది, పాటను వేవ్ ఫైలుగా బయటికి తీయనిస్తుందా. వేవ్ 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి తెచ్చిన మామూలు రూపం. శబ్దాన్ని నలపకుండా ఉన్నదున్నట్టు ఉంచుతుంది. ప్రపంచమంతటా శబ్ద భాండాగారాలు దాచడానికి ఈ రూపాన్నే వాడతాయి. ఎంపీ3 వాట్సాప్‌లో పంపుకోవడానికి బాగుంటుంది, దాచడానికి కాదు. అది చిన్నదవడానికి శబ్దంలో కొంత పారేస్తుంది, పారేసినది తిరిగి రాదు. పాట పూర్తయ్యాక కలిపిన పాటను మాత్రమే కాదు, ఒక్కో ట్రాకునూ మొదటి సెకను నుంచి విడిగా వేవ్‌గా తీసి దాచండి. అప్పుడు రేపు ఆ సాఫ్ట్‌వేర్ పోయినా ఇంకో దాంట్లో పక్క పక్కన పెడితే పాట మళ్ళీ నిలబడుతుంది.

రెండోది, ఇంటర్నెట్ లేకపోయినా, నెల చందా కట్టకపోయినా పాత పని తెరుచుకుంటుందా. చందా ఆగిన రోజున మన పాటకు తాళం పడే ఏర్పాటు మనకు వద్దు.

మూడోది, మీ కంప్యూటర్ దాన్ని మోయగలదా. పాడేవాళ్ళ గొంతు వాళ్ళ చెవికి ఆలస్యంగా వినిపిస్తే పాట తడబడుతుంది. ఆ ఆలస్యం బఫర్ అన్న అమరిక మీద ఆధారపడి ఉంటుంది. సెకనుకు 48,000 శాంపిళ్ళ దగ్గర 256 బఫర్ అంటే సుమారు 5 మిల్లీసెకన్లు, 1024 అంటే సుమారు 21. పాడేటప్పుడు తక్కువ పెట్టండి, కలిపేటప్పుడు ఎక్కువ పెట్టుకోవచ్చు. విండోస్‌లో మీ ఆడియో పెట్టెకు ఆసియో డ్రైవర్ ఉంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

అమరిక 48,000 శాంపిళ్ళు, 24 బిట్లు పెట్టండి. దాచడానికి శబ్ద భాండాగారాల అంతర్జాతీయ సంఘం చెప్పే కనీస ప్రమాణం అదే. ఒక మైకుతో గంట పాటకు సుమారు 520 మెగాబైట్లు అవుతుంది. ఈ రోజుల్లో అది భారం కాదు. రెండు వేర్వేరు డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్ళలో ఉంచండి. ఒకటి మనది, ఒకటి పాడినవాళ్ళ ఇంటిది.

డబ్బు మిగిలితే సాఫ్ట్‌వేర్‌కు కాకుండా గదికి పెట్టండి. గోడకు దుప్పట్లు వేలాడదీయండి, పరుపు ఉన్న గదిలో పట్టండి, ఫ్యాను ఆపండి, కుక్కర్ విజిల్ వేళ తప్పించండి. ప్రో టూల్స్‌తో పట్టినా ఫ్యాను హోరు ఫ్యాను హోరే.

మన బీరువాల్లో పని

క్యాసెట్టు టేపు శాశ్వతం కాదు. బూజు పడుతుంది, అతుక్కుంటుంది, పొడి రాలుతుంది. టేపు బాగున్నా ప్లేయరు దొరకదు, ప్లేయరు దొరికినా బాగుచేసేవాళ్ళు దొరకరు. కాబట్టి కొత్త స్టూడియో కట్టే ప్రతి పిల్లవాణ్ణీ, ప్రతి పిల్లనూ మేము అడిగేది ఒకటే. మీ మొదటి ప్రాజెక్టు మీ ఇంటి బీరువాలోని క్యాసెట్టు కావాలి. రెండో ప్రాజెక్టు మీ అవ్వదో, తాతదో గొంతు కావాలి. కవర్ పాట మూడోది. కవర్ పాట వచ్చే ఏడాదైనా పాడవచ్చు.

అవ్వ పాట పట్టే ముందు ఆమెను అడగండి. ఇంట్లోవాళ్ళ కోసం మాత్రమేనా, సంఘంలో వినిపించవచ్చా, యూట్యూబ్‌లో పెట్టవచ్చా, మూడూ విడివిడిగా అడగండి. కొన్ని పాటలు ఆడవాళ్ళ మధ్య పాడుకునేవి, కొన్ని చావు ఇంట్లో మాత్రమే పాడేవి. అవి బయటికి వద్దని ఆమె అంటే వద్దు. ఏ పాట పట్టాలో ఒకప్పుడు కంపెనీలు తేల్చాయి. ఏ పాట బయటికి పోవాలో ఇప్పుడు పాడినమ్మే తేల్చనివ్వండి.

ఆమె మాటలో తమిళం, కన్నడం కలిస్తే ఆపి దిద్దకండి. ఆంధ్రా, తెలంగాణ టీవీ తెలుగులా చెప్పించకండి. ఆ కలయిక మన ఊరి గుర్తు. పాట నడుమ దగ్గు వచ్చినా, మనవణ్ణి కసిరినా కత్తిరించని మూల ఫైలు ఒకటి అలాగే ఉంచండి. వినిపించడానికి వేరే నకలు చేసుకోండి.

చివరిగా ఒక చిన్న పని. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట ముగించగానే తన పేరు తానే ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. హానోవర్‌లో పళ్ళెం అచ్చువేసేవాళ్ళకు ఎవరి పాటో తెలియాలని ఆ ఏర్పాటు. ఆ ఒక్క వాక్యం వల్ల ఆమె పేరు పాటతో పాటే ఈనాటికీ వినపడుతోంది. చీటీ ఊడిపోవచ్చు, ఫైలు పేరు మారిపోవచ్చు, గొంతులోనే ఉన్న పేరు పోదు. మన రికార్డింగ్‌లో కూడా పాట మొదలయ్యే ముందు పాడేవాళ్ళను తమ పేరు, పుట్టిన ఊరు, మెట్టిన ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఆ రోజు తారీఖు చెప్పమనండి. మన తెలుగులోనే చెప్పమనండి. దానికి ఏ సాఫ్ట్‌వేర్ అక్కరలేదు.

ఇంట్లో పాత క్యాసెట్లు ఉన్నవాళ్ళు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఏ పాటలు ఉన్నాయో కింద రాయండి. ప్లేయరు పనిచేస్తున్నవాళ్ళు అది కూడా రాయండి. ఎవరి ప్లేయరు ఎవరి క్యాసెట్టుకు అక్కరకొస్తుందో కలిపి చూసుకుని, వచ్చే కూటమి నాటికి పని మొదలుపెడదాం.